"పేషెంట్‌కి మీరు ఏమవుతారు?" అని అడిగితే ఏం రాయాలి

కూకట్‌పల్లి_ఫిల్టర్‌కాఫీ:
నేనూ తనూ ఇద్దరం ఆడవాళ్ళమే, ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో కలిసి ఉంటున్నాం. ఓనర్ ఆంటీకి కజిన్స్ అని చెప్పుకున్నాం, ఆవిడా అంతకంటే తవ్వలేదు పాపం. మొన్న సంక్రాంతికి ముందు తనకి అపెండిక్స్ నొప్పి, రాత్రి రెండింటికి హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఫారంలో పేషెంట్‌కి ఏమవుతారు అనే గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఫ్రెండ్ అని రాశా. కౌంటర్‌లో అబ్బాయి చూసి "ఫ్రెండ్ సంతకం నడవదు మేడం, ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అన్నాడు. వాళ్ళ నాన్నగారు ఒంగోల్లో ఉంటారు, నాతో మాట్లాడి నాలుగేళ్ళైంది, ఆయనకి ఫోన్ చేసి, ఆయన ఎత్తక, మళ్ళీ వాళ్ళ పిన్నికి చేసి, ఇదంతా అయ్యేసరికి మూడున్నర. ఇప్పుడు తను బానే ఉంది.

నా డౌట్ ఏంటంటే, 2023లో సుప్రీంకోర్టులో మాలాంటి జంటలకి పెళ్లి హక్కు రాలేదని తెలుసు. తర్వాత ఏదో కమిటీ అన్నారు, జాయింట్ అకౌంట్ అన్నారు, రేషన్ కార్డు అన్నారు. ఇవాళ్టికి మా చేతిలో నిజంగా ఏముంది? ఇద్దరం కలిసి ఫ్లాట్ కూడా తీసుకుందాం అనుకుంటున్నాం. నీతులు చెప్పేవాళ్ళు దయచేసి పక్క పోస్టుకి వెళ్ళండి.

జూనియర్_వకీలు:
ముందు ఆ హాస్పిటల్ సంగతి. పేషెంట్ మేజర్, స్పృహలో ఉన్నారు అంటే ఆవిడ సంతకమే అసలు సంతకం, నాన్నగారిది అక్కర్లేదు. 2008లోనే సుప్రీంకోర్టు చెప్పింది ఇది, కౌంటర్లో వాళ్ళకి ఎవరూ చెప్పరు అంతే. స్పృహ లేనప్పుడే చిక్కు. దానికోసం ఇద్దరూ లివింగ్ విల్ రాసుకోండి, నా తరఫున నిర్ణయం ఫలానా ఆవిడ తీసుకుంటుంది అని పేరు పెట్టొచ్చు, ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు, 2023 జనవరిలో సులువు చేశారు. కాకపోతే అది ఇక కోలుకోరు అన్న పరిస్థితికి పనికొచ్చే కాగితం, అపెండిక్స్‌కి కాదు. మామూలు ఎమర్జెన్సీ కోసం మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ అని విడిగా రాయించుకుంటున్నారు చాలామంది, హాస్పిటల్ ఒప్పుకుంటుందన్న గ్యారంటీ నేను ఇవ్వలేను గానీ చేతిలో స్టాంప్ పేపర్ ఉంటే మాట తీరు మారుతుంది, అది నేను కళ్ళారా చూశా. మానసిక ఆరోగ్యం విషయంలో మాత్రం చట్టమే ఉంది, 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ ప్రకారం తెల్లకాగితం మీద ఎవరినైనా నామినేట్ చేసుకోవచ్చు, రక్త సంబంధం అడగరు.

కమిటీ అంటే కేబినెట్ సెక్రటరీ కింద 2024 ఏప్రిల్‌లో వేశారు. అదే సంవత్సరం ఆగస్టులో బ్యాంకులకి క్లియర్‌గా చెప్పారు, జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టొచ్చు అని. రేషన్ కార్డుకి ఒకే కుటుంబంగా చూడమని, దగ్గరి బంధువులు లేకపోతే శవాన్ని పార్ట్‌నర్‌కి అప్పగించమని రాష్ట్రాలకి లేఖలు వెళ్ళాయి. లేఖలే, చట్టం కాదు.

ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా కొనుక్కోవచ్చు, ఏ అడ్డూ లేదు, సేల్ డీడ్‌లో ఎవరి వాటా ఎంతో రాయించండి. విల్లు మాత్రం రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే రాసేయండి. పెళ్లికాని హిందూ స్త్రీ విల్లు లేకుండా పోతే ఆవిడ సంపాదించిన ఆస్తి అమ్మానాన్నలకి వెళ్తుంది, అంటే మీ ఇంట్లో సగానికి ఆ ఫోన్ ఎత్తని నాన్నగారు ఓనర్. నామినీగా పెట్టాం కదా అనుకోకండి, నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకునే మనిషి, వారసుడు కాదు. విల్లుకి స్టాంప్ డ్యూటీ కూడా లేదు.

ఇంకోటి, ఒకరి ఈఎంఐ ఇంకొకరు కట్టినా, డబ్బు గిఫ్ట్‌గా ఇచ్చినా లెక్క రాసి పెట్టుకోండి. బంధువు కాని మనిషి దగ్గర ఏడాదికి 50,000 దాటి గిఫ్ట్ తీసుకుంటే మొత్తానికి టాక్స్. భార్యాభర్తలు కోటి ఇచ్చుకున్నా గిఫ్ట్ టాక్స్ ఉండదు. దీని మీదే 2025లో మీలాంటి ఒక జంట బొంబాయి హైకోర్టుకి వెళ్ళారు.

గోదారోడు:
నీతులు కాదు గానీ ఒక మాట. ఎవరు ఎవరితో ఉంటే నాకేంటండీ, ఇలాంటి బంధాన్ని నేరం అన్న సెక్షన్ 377 పోయినప్పుడు నేనేం గోల చెయ్యలేదు. కానీ పెళ్లి అంటే ఊరు, బంధువులు, వారసత్వం, ఇవన్నీ ఉంటాయి కదా. ఐదుగురు జడ్జిలూ అది పార్లమెంట్ పని అన్నారు, మన ఆంధ్ర ప్రభుత్వం కూడా మత పెద్దల్ని అడిగి వద్దనే జవాబిచ్చింది. జనం ఒప్పుకోకుండా పైనుంచి రుద్దితే ఎలా?

చాయ్_బిస్కెట్:
@గోదారోడు అన్నా, ఆ జవాబు సంగతి పూర్తిగా చెప్పు మరి. కేంద్రం అభిప్రాయం అడిగితే తిరిగి రాసినవి ఏడే రాష్ట్రాలు, అందులో నాలుగు టైం కావాలన్నాయి, వద్దన్నవి ఆంధ్ర, రాజస్థాన్, అస్సాం. అప్పుడు మన దగ్గర వైసీపీ, రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ. ప్రత్యేక హోదా మీద కూడా ఇంత ఐకమత్యం చూళ్ళేదు నేను 😂 మళ్ళీ అదే కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో సివిల్ యూనియన్లకి చట్టం తెస్తాం అని రాసింది. జనాన్ని అడిగింది ఎవరు ఇందులో? మత పెద్దల్ని అడిగారు సరే, ఈ అక్క లాంటివాళ్ళని ఒక్కరినైనా పిలిచారా?

పైగా ఐదుగురూ ఒకటే అన్నారు అనడం సగం నిజం. పెళ్లి ప్రాథమిక హక్కు కాదు అన్న దగ్గర అందరూ ఒకటే. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి గుర్తింపు ఇవ్వాలి అన్న దగ్గర 3-2, చంద్రచూడ్, కౌల్ ఇవ్వాలన్నారు. వద్దన్న ముగ్గురిలో ఒకరు మన తెలుగాయన జస్టిస్ నరసింహ, ఇంకొకరు తెలంగాణ హైకోర్టు చీఫ్‌గా చేసిన హిమా కోహ్లి. కేసు వేసిన సుప్రియో, అభయ్ ఉండేది కూడా హైదరాబాద్‌లోనే. తీర్పుని మళ్ళీ చూడమన్న రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు కాబట్టి ఇప్పుడు బంతి పార్లమెంట్‌లోనే ఉంది, అక్కడ ఎవడూ ముట్టుకోడు.

గోదారోడు:
పిలవలేదన్నది కరెక్టే తమ్ముడూ, అది ఒప్పుకుంటా. పెళ్లి మీద నా మాట మారదు. ఆ హాస్పిటల్ దగ్గర జరిగింది మాత్రం తప్పే, దానికి పెళ్లి దాకా ఎందుకు, ఏదో ఒక కాగితం ఇవ్వాలి గవర్నమెంట్.

డాలస్_బెజవాడ:
మేం ఇద్దరం మగాళ్ళం, ఇద్దరం తెలుగోళ్ళమే, 2019లో ఇక్కడ టెక్సాస్‌లో కౌంటీ ఆఫీసుకెళ్ళి పెళ్లి చేసుకున్నాం. నాది హెచ్1బీ, తనది నా మీద హెచ్4, వీసాలో స్పౌజ్ అనే రాసుంటుంది. శంషాబాద్‌లో ఫ్లైట్ దిగగానే మళ్ళీ ఫ్రెండ్స్ అయిపోతాం, అక్కడ రిజిస్టర్ చేసే దారి లేదు. ఇక్కడ కూడా నిశ్చింత ఏం లేదులెండి, మాలాంటి వాళ్ళకి పెళ్లి హక్కు ఇచ్చిన 2015 తీర్పుని తిరగదోడమని వేసిన పిటిషన్‌ని అమెరికా సుప్రీంకోర్టు 2025 నవంబర్లో తీసుకోలేదు అంటే ఆ రాత్రి హాయిగా పడుకున్నాం. మా అమ్మ పెళ్లికి రాలేదు, ఫోటోలు కూడా చూడలేదు, కానీ పోయిన వేసవిలో ఆవకాయ పార్సిల్ మీద ఇద్దరి పేర్లూ రాసి పంపింది. తన పేరు స్పెల్లింగ్ తప్పు.

కూకట్‌పల్లి_ఫిల్టర్‌కాఫీ:
వకీలు గారూ చాలా థాంక్స్ అండి, విల్లు సంగతి అస్సలు తెలీదు, నామినీ పెడితే అయిపోయిందనుకున్నాం. ఒక్కటే ఇంకో భయం, వాళ్ళ నాన్నగారు కజిన్స్‌ని తీసుకొచ్చి తనని బలవంతంగా తీసుకెళ్తే? ఒకసారి ట్రై చేశారు. పోలీసులు ఫ్యామిలీ మ్యాటర్ అన్నారు.

జూనియర్_వకీలు:
హేబియస్ కార్పస్ వేస్తాం, అంటే పట్టుకెళ్ళిన మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మనే పిటిషన్, మీరే వెయ్యొచ్చు. 2025 మేలో మద్రాస్ హైకోర్టులో అచ్చం ఇదే, ఇంట్లోవాళ్ళు పట్టుకెళ్ళిన అమ్మాయి కోసం ఆమె పార్ట్‌నర్ వేసింది, కోర్టు ఆ అమ్మాయిని అడిగి ఇష్టమొచ్చిన చోటికి వెళ్ళమంది, పెళ్లి ఒక్కటే కుటుంబానికి దారి కాదు అని కూడా రాసింది. అది మన హైకోర్టుని కట్టడి చెయ్యదు గానీ చూపించుకోవచ్చు. ముందుగా తన చేత, నా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నా అని ఒక అఫిడవిట్ రాయించి మీ దగ్గర ఒకటి, మీకు నమ్మకమున్న మనిషి దగ్గర ఒకటి ఉంచండి. ఓనర్ ఆంటీ మంచావిడే అంటున్నారుగా, ఆవిడ దగ్గర పెట్టినా పర్లేదు, కవర్ అంటించి ఇవ్వండి.