ఊర్లో ఫ్రెండ్స్ కలిసి సేవ చేస్తాండాం, రిజిస్టర్ చేయించాలా? సొసైటీనా ట్రస్టా?

ఉరవకొండ రైతుబిడ్డ:
అన్నా, అక్కా, నమస్తే. మాది ఉరవకొండ పక్కన పల్లె. పన్నెండు మందిమి కలిసి రెండేళ్ల నుంచి టెన్త్ పిల్లోళ్లకి సాయంత్రం ట్యూషన్ చెప్తాండాం, ఎండాకాలం చలివేంద్రం పెడతాం. దుడ్లన్నీ నా ఫోన్‌పేకే వస్తాయి. పోయిన నెల రచ్చబండ కాడ ఒక పెద్దాయన ఎంత వచ్చింది, ఎంత పోయింది అని అడిగితే ఫోన్ తీసి చూపిచ్చినా, దాంట్లో మా ఇంటి పాల డబ్బులూ ట్యూషన్ డబ్బులూ కలిసిపోయి ఉండాయి, నాకే అర్థం కాలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రిజిస్టర్ చేపిస్తే సరిపోతుందా?

ఆడిట్ పని, అనంతపురం:
తమ్ముడూ, మీకు సొసైటీనే మేలు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (2001) కింద కనీసం ఏడుగురు ఉంటే చాలు, కమిటీని మీరే ఎన్నుకోవచ్చు. ట్రస్టు అయితే డీడ్‌లో, అంటే ట్రస్టు పత్రంలో రాసుకున్న ట్రస్టీల చేతిలోనే ఉంటుంది, తర్వాత మార్చుకోవడం కష్టం. ఒకే ఇంటోళ్లని మాత్రం కమిటీలో పెట్టొద్దు. సొసైటీ పేరు మీద పాన్, బ్యాంకు అకౌంటు తీసుకోండి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాల. 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినోళ్లకి పన్ను మినహాయింపు) అనేవి వేరే, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర అప్లై చేయాల, మొదట మూడేళ్లకి ప్రొవిజనల్‌గా, అంటే తాత్కాలికంగా ఇస్తారు. 2,000 దాటి క్యాష్ ఇచ్చినోళ్లకి 80జీ మినహాయింపు రాదని ముందే చెప్పండి. ఇవన్నీ అయినా సర్టిఫికెట్టు నీ లెక్కలు రాయదు, మీటింగుల్లో ఏం తీర్మానించినారో రాసే మినిట్స్ బుక్కూ, జమా ఖర్చు రాసే క్యాష్ బుక్కూ మీరే రాయాల.

కడప నుంచి:
కువైట్‌లో ఉండే మనోళ్లు పంపితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద పర్మిషన్ కావాలా అని మేమూ భయపడినాం. ఇండియా పాస్‌పోర్టు ఉండేవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నోళ్లు ఇస్తే మాత్రం వస్తుంది. మా గ్రూపు అయితే లెక్క దగ్గరే చీలిపోయింది, ఎవరూ తినలేదు, రాసుకోలేదు అంతే, ఆరేళ్ల స్నేహం పోయింది. ఇప్పుడు కొత్త గ్రూపులో బిల్లులన్నీ నోట్‌బుక్‌లో గుండుపిన్ను గుచ్చి పెడతాం, నెలకొకసారి చార్టు మీద స్కెచ్ పెన్నుతో జమా ఖర్చు రాసి బడి గోడకు అంటిస్తాం. సుద్దముక్కల డబ్బా కొన్న ఖర్చు కూడా రాస్తాం.

కర్నూలు టీచరమ్మ:
మీ జిల్లాలోనే చూడు నాయనా. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) అనే సేవా సంస్థ మొదలుపెట్టినారు, బత్తలపల్లి ఆస్పత్రి దాకా పెరిగింది. అంత పెద్ద సంస్థ కూడా పల్లెల్లో సంఘాల్ని కూర్చోబెట్టి మాట్లాడే పని చేసింది. నువ్వూ ఆ పెద్దాయన్నే కమిటీలోకి పిలువు, అడిగేటోడు పక్కన ఉంటే మంచిది.

ఉరవకొండ రైతుబిడ్డ:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా, మేడమ్. రేపే వేరే అకౌంటు గురించి కనుక్కుంటా. ఆదివారం బడి కాడ అందర్నీ పిలుస్తాండా, పెద్దాయన ఇంటికి నేనే పోయి చెప్తా. రెండేళ్ల ఫోన్‌పే లిస్టు ప్రింటు తీసి పాల డబ్బులన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తాండా, ఇప్పటికి నాలుగు పేజీలు అయినాయి.