అప్‌డేట్: ఎండోమెట్రియోసిస్ నొప్పికి గంజాయి నూనె గురించి అడిగాను కదా

గుర్తులేనివాళ్లకి: నాకు ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు), నెలసరి వస్తే మంచం దిగలేను. మెల్‌బోర్న్‌లో ఉండే మా వదిన అక్కడ డాక్టర్లే గంజాయి నూనె రాస్తున్నారంటే, వైజాగ్‌లో దొరుకుతుందా అని అడిగాను.

గైనకాలజిస్టుని సూటిగానే అడిగేశాను. ఆవిడ తిట్టలేదు, లేచి తలుపు మాత్రం దగ్గరగా వేశారు! ఆస్ట్రేలియా సర్వేల్లో నొప్పి తగ్గింది, నిద్ర పట్టింది అన్నవాళ్లు ఉన్నారట. కానీ అది వాళ్లు చెప్పిన మాటే, ట్రయల్ పెట్టి తేల్చింది కాదన్నారు. పిల్లల కోసం చూస్తుంటే అసలు ముట్టుకోవద్దన్నారు.

ఇక చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. కొనలు కలవని ఉత్త ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే 'విజయ' పేరుతో ఆకుతో చేసే ఆయుర్వేద మందులు లైసెన్సు మీద, డాక్టరు చీటీతో అమ్ముతున్నారు. "ఏజెన్సీ కొండల నుంచి గంజాయే తెప్పించనా?" అన్న మా బావగారికి మాత్రం ఓ దండం. దారిలో చెక్‌పోస్టుల సంగతి ఆయనకి తెలీదు కాబోలు.

ప్రస్తుతం రాత్రి భోజనమయ్యాక డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర 2 మిల్లీగ్రాములది వేసుకుంటున్నాను. మొదట్లో మరకలు మరకలుగా బ్లీడింగ్ అయి విసుగెత్తింది, ఇప్పుడు నెలసరే ఆగింది. నొప్పి పూర్తిగా పోలేదు కానీ, గాజువాక నుంచి ఆఫీసుకి వెళ్లొస్తున్నాను, బ్యాగులో వేడినీళ్ల సంచితో సహా.

విజయ మందు ఇంకా మొదలుపెట్టలేదు. వాడినవాళ్లుంటే మగత ఎంతసేపు ఉంటుందో చెప్పండి, నేను స్కూటీ నడపాలి.