లెక్కలు చేస్తూ పిల్లవాడు తనలో తాను మాట్లాడుకుంటుంటే మాన్పించాలా?

గుంటూరు నాన్న:
మా అబ్బాయి ఇక్కడే ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి చదువుతున్నాడు. తీసివేతలు చేసేటప్పుడు "రెండులోంచి ఏడు పోదు, పక్కనుంచి అప్పు తెచ్చుకోవాలి" అని తెలుగులో గొణుక్కుంటాడు. నోరు మెదపకుండా చేయాలనీ, అంతగా అనుకోవలసి వస్తే ఇంగ్లీషులోనే అనుకోవాలనీ టీచరుగారు చెబుతున్నారు. ఈ అలవాటు మాన్పించాలా?

మనస్తత్వశాస్త్రం మాస్టారు, విజయవాడ:
మాన్పించకండి. ఇలాంటి మాటలు పిల్లలు ఎదుటివారి కోణం నుంచి చూడలేని దశకు గుర్తనీ, పెరిగేకొద్దీ అవే కనుమరుగవుతాయనీ స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే భావించారు. రష్యాకు చెందిన మరో మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ దీనితో ఏకీభవించలేదు. బొమ్మ వేస్తున్న పిల్లలకు కావలసిన రంగు పెన్సిలు అందకుండా చేసి చూస్తే, ఆ గొణుగుడు దాదాపు రెట్టింపయింది. చిక్కు వచ్చిపడినప్పుడు పిల్లవాడు మాటను ఊతకర్రలా పట్టుకుంటాడనీ, పెద్దలు తనతో అన్న మాటలనే మొదట పైకి అనుకుని, క్రమంగా వాటినే లోపలికి తీసుకుని ఆలోచనగా మార్చుకుంటాడనీ ఆయన వివరించారు. మీవాడి గొణుగుడు కూడా నోరు నొక్కితే కాదు, లెక్క వశమైతేనే తగ్గుతుంది.

గవర్నర్‌పేట విశ్రాంత ఉద్యోగి:
మాస్టారి మాట నిజమే కానీ, టీచరుగారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేము. నేను బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇంగ్లీషులోనే రాశాను, అయినా నోట్ల కట్ట చేతికి వస్తే నేటికీ తెలుగులోనే లెక్కపెడతాను. "ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అన్నది నాకు మరో భాషలో అంత చప్పున తట్టదు. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చిన విద్యార్థులపై స్పెల్కీ, సివ్‌కిన్ జరిపి 2001లో ప్రచురించిన పరిశోధనలో కూడా, కచ్చితమైన లెక్కలు నేర్చుకున్న భాషలోనే త్వరగా గుర్తుకు వచ్చాయి. ఉజ్జాయింపు లెక్కలకు మాత్రం ఆ తేడా కనిపించలేదు. కాబట్టి కొత్త ఎక్కాలను బడి భాషలో నేర్పించండి, వచ్చినవాటిని మాత్రం కదపవద్దు.

గుంటూరు నాన్న:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వాడికి తెలియకుండా వెనక నిలబడి విన్నాను. ఒక లెక్క తప్పగానే రబ్బరు తీసుకుని, "ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు, బుర్ర ఎక్కడ పెట్టావు" అని తనను తానే తిట్టుకున్నాడు. ఆ మాటలు, ఆ విసురు కూడా, నావే. టీచరుగారితో రేపు మాట్లాడతాను.