ఒంటిమిట్ట గుడి ఫొటోల్లో వంపులు అన్నీ ఒకేసారి సరిచేయడం ఎలా?

అందరికీ నమస్తే, మాది కడప. మొన్న ఒంటిమిట్ట కోదండరామాలయంలో 18-55 లెన్సుతో దాదాపు 80 ఫొటోలు తీశాను. గోపురం మొత్తం రావాలని కెమెరా పైకెత్తి తీసేసరికి అది వెనక్కి పడిపోతున్నట్టుంది, మంటపం స్తంభాలు పైకి పోయేకొద్దీ దగ్గరికొచ్చేశాయి, చాలావాటిలో నేల కూడా ఒక పక్కకు ఒరిగింది.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్ (లెన్సు వల్ల వచ్చే వంపును సరిచేసేది) ఆన్ చేసి, గైడెడ్‌తో (మనం గీసిన గీతలను బట్టి ఫొటోను నిలబెట్టేది) రెండు స్తంభాల వెంబడి గీతలు గీస్తే ఒక ఫొటో చక్కగా నిలబడింది. ఆ సెట్టింగులనే మిగతావాటికి సింక్ చేస్తే (ఒకేసారి కాపీ చేస్తే) ఇంకా వంకరపోయాయి, ఒక్కోటి ఒక్కో చోటినుంచి తీసింది కదా. సింక్ చేసేటప్పుడు అప్‌రైట్ ట్రాన్స్‌ఫార్మ్స్ (మొదటి ఫొటోకి చేసిన సవరణే యథాతథంగా) వదిలేసి అప్‌రైట్ మోడ్‌కే (సరిచేసే పద్ధతికే) టిక్ పెట్టి వర్టికల్ (నిలువు గీతలను నిటారుగా చేసేది) ఇస్తే ప్రతి ఫొటోనూ విడిగా లెక్కేసుకుంటోంది, మంటపం ఫొటోలు బాగా వచ్చాయి. గోపురం ఫొటోల్లోనే చిక్కు. పైభాగం సాగిపోయి అసలుకన్నా పొడుగ్గా కనిపిస్తోంది, క్రాప్‌లో కలశాలు కూడా తెగిపోతున్నాయి.

వీటికి ఒక్కోదానికీ గైడెడ్ చేయాల్సిందేనా? వర్టికల్ స్లైడర్ కొంచెం తగ్గించి, ఆస్పెక్ట్ స్లైడర్ (ఎత్తు, వెడల్పుల నిష్పత్తి మార్చేది) మారిస్తే సహజంగా ఉంటుందా? నడవలేని మా అవ్వకు ఆల్బమ్ చేసివ్వాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.