గది మోతను కూడా పట్టే మైకు: తిరిగి ఇచ్చేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మా ఇల్లు. అన్నమయ్య సంకీర్తనలను అర్థంతో సహా చదివి, దూరాన ఉన్న మనుమలకు పంపాలని బల్లమీద పెట్టుకునే యూఎస్‌బీ కండెన్సర్ మైకు (సన్నని ధ్వనిని కూడా పట్టే రకం) ఒకటి కొన్నాను. గొంతు స్పష్టంగానే వస్తోంది గాని, ఫ్యాను హోరు, వీధిలో ఆటోల మోత, వంటింట్లో కుక్కరు ఈల కూడా అంతే స్పష్టంగా వస్తున్నాయి. ఈ ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. తిరిగి ఇచ్చేందుకు ఐదు రోజుల గడువుంది. లోపం మైకుదా, నాదా అని తేల్చుకోవడం ఎలాగో తెలుపగలరు.

మొదటి సమాధానం

అయ్యా, ముందుగా మీరు మైకుకు ఏ వైపున మాట్లాడుతున్నారో చూడండి. బ్లూ యెతి వంటి మైకులు నిలువుగా నిలబడినా, వాటి ముఖం పై మొనలో కాక, కంపెనీ పేరు ఉన్న పక్కన ఉంటుంది. సభల్లో చేతిమైకు పట్టిన అలవాటు కొద్దీ చాలామంది పై మొనలోకి మాట్లాడుతారు. నేనూ నెల రోజులు అదే పని చేశాను. దిశ మార్చే మీట ఉంటే దానిని కార్డియాయిడ్ (గుండె ఆకారపు గుర్తు)లో పెట్టండి. అప్పుడు ముందువైపు ధ్వని బాగా, వెనుకవైపు ధ్వని అతి తక్కువగా వినబడుతుంది గనుక మైకు వీపు వీధి కిటికీ వైపు ఉండాలి.

రెండవ సమాధానం

పై మాటకు తోడుగా దూరం కూడా కొలవండి. నోటికీ మైకుకూ నడుమ దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ (ధ్వని స్థాయి కొలత) పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. అంటే 60 సెంటీమీటర్ల నుంచి 15కు జరిగితే 12 డెసిబెల్స్ లాభం, అదీ పైసా ఖర్చు లేకుండా. ఆ తరువాత ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అర నిమిషం మౌనం, అర నిమిషం చదువు రికార్డు చేసి, రెండింటి స్థాయిల మధ్య తేడా చూడండి; అది ఎంత ఎక్కువైతే అంత మేలు. గెయిన్ (మైకు ధ్వనిని పెంచే మోతాదు) పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి విడి అంకెలతో ప్రయోజనం లేదు. చదివే వాక్యంలో భక్తి, ఫలము, శేషశైలము వంటి మాటలు ఉండాలి. ప, ఫ, భలకు గాలి దెబ్బ తగిలితే మైకును నోటికి కాస్త పక్కగా జరపండి.

మూడవ సమాధానం

డైనమిక్ మైకు (కండెన్సర్ కన్నా తక్కువ సున్నితమైన రకం) కొంటే గది మోత వినబడదని దుకాణాల్లో చెబుతారు. అది సగం నిజమే. దానిని నోటికి దగ్గరగా పెట్టుకోవడం వల్లనే ఆ మేలు; అదే దూరంలో, అదే దిశలో పెట్టిన కండెన్సర్‌తో పోలిస్తే పెద్ద తేడా ఉండదు. పైగా షూర్ ఎస్ఎం7బీ వంటి డైనమిక్ మైకులకు సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ ఇవ్వగల ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పెట్టె) వేరే కావాలి.

ప్రశ్న అడిగినవారు

నేనూ పై మొనలోకే చదువుతున్నాను, మీట కూడా అన్ని దిశలూ వినే గుర్తు మీద ఉంది. రెండూ సరిచేసి, జానెడు దూరంలో, ఫ్యాను కింద నుంచి పడకగది బీరువా పక్కకు మారి చదివితే, మౌనానికీ చదువుకూ తేడా మునుపటి 21 నుంచి 38 డెసిబెల్స్‌కు పెరిగింది. మైకును ఉంచుకుంటున్నాను. కుక్కరు ఈల మాత్రం ఇంకా వినబడుతోంది; దానికి మా ఇంటావిడతో వేళలు కుదుర్చుకోవాలి.