కాజీపేట నుంచి సైకిల్‌తో కోనసీమ రేవులకు: రైల్లో ఎలా తీసుకెళ్లాలి?

హన్మకొండ సైకిల్:
అందరికీ నమస్కారం. సంక్రాంతి తర్వాత నా సైకిల్‌తో కోటిపల్లి రేవుకు వెళ్లి, పంటు (మనుషుల్నీ బండ్లనూ రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగి, అమలాపురం, అంతర్వేది చూసుకుని, సఖినేటిపల్లి దగ్గర మళ్లీ పంటెక్కి మరో పాయ వశిష్ఠను దాటి నరసాపురం చేరాలని అనుకుంటున్నాను. కాజీపేటలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రిలో దిగుదామన్నది ఆలోచన. స్లీపర్ టికెట్టుకు 40 కిలోల సామాను ఉచితమంటారు కదా, అందులో సైకిల్ చెల్లుతుందా?

పాత ప్రయాణికుడు, కాజీపేట:
చెల్లదండీ. ఉచిత సామాను వెసులుబాటు సైకిళ్లకూ స్కూటర్లకూ వర్తించదు, కాబట్టి టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేసి, రైల్లో సామాను పెట్టె అయిన బ్రేక్ వ్యాన్‌లో వేయించాలి. పార్సిల్‌గా రాయించారంటే మీరొక రైల్లో, సైకిల్ మరొక రైల్లో వెళ్లే ప్రమాదం ఉంది. బండికి అరగంట ముందే సామాను అప్పగించాలన్నది నిబంధన. కాజీపేటలో రైలు ఆగేది కాసేపే కనుక, ఎక్కిస్తారో లేదో ముందురోజే పార్సిల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పెడళ్లు విప్పి, హ్యాండిల్‌ను పక్కకు తిప్పి, గోనెపట్టా చుట్టి సుతిలితో బిగించండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్కలు రెండు కట్టండి, ఎందుకంటే ఒకటి ఎలాగూ ఊడిపోతుంది.

ఇక అసలు మాట: రాజమండ్రికి కాకుండా కాకినాడకే బుక్ చేయండి. ఒకసారి వేరే ప్రయాణంలో, నడుమ స్టేషన్‌లో నేను దిగి బ్రేక్ వ్యాన్ దగ్గరికి పరుగెత్తేసరికి తలుపు సగమే తెరిచి రెండు మూటలు దించి మూసేశారు. లోపల నా సైకిల్ వెనుక చక్రం కనిపిస్తూనే ఉంది, బండి కదిలిపోయింది. రసీదు పట్టుకుని మూడు రోజులు తిరిగాను. గౌతమి ఎక్స్‌ప్రెస్ ప్రయాణం కాకినాడలోనే ముగుస్తుంది కాబట్టి అక్కడ దించక తప్పదు. అక్కడి నుంచి కోటిపల్లికి రైలు మార్గం 45 కిలోమీటర్లు, రోడ్డు కూడా కాస్త అటూ ఇటూగా అంతే, పైగా దారిలో ద్రాక్షారామం తగులుతుంది.

ఏటూరునాగారం వాసి:
చక్రాలు విప్పి సంచిలో పెట్టి సీటు కింద తోసేయమని కొందరు చెబుతారు. బోగీలోకి అనుమతించే పెట్టె కొలత 100, 60, 25 సెంటీమీటర్లు. మడత సైకిలైతే తప్ప ఆ కొలతలో ఇమడదు. జనవరి మంచి ఎంపిక. వానాకాలంలో మా ఊరు దాటిన గోదావరి నీరే అక్కడికి చేరుతుంది, భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే దిగువన పంటు మీద ఆశ పెట్టుకోకూడదు.

హన్మకొండ సైకిల్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాకినాడకే రాయిస్తాను. తిరుగు ప్రయాణం నరసాపురం నుంచే పెట్టుకోవచ్చా?

పాత ప్రయాణికుడు, కాజీపేట:
నిస్సందేహంగా. రైళ్లు బయలుదేరే స్టేషనే కనుక తీరిగ్గా ఎక్కిస్తారు. అయితే అక్కడి నుంచి హైదరాబాద్ వైపు వచ్చే బండ్లలో కొన్ని గుంటూరు, నల్గొండ మీదుగా పోతాయి, వరంగల్ మీదుగా వచ్చేదేదో చూసుకుని టికెట్టు తీసుకోండి. పంటు మీద సైకిల్‌కూ డబ్బులు తీసుకుంటారు, చిల్లర దగ్గర పెట్టుకోండి.