టీవీ రిపోర్టర్ అవ్వాలంటే జర్నలిజం స్కూలా, డైరెక్టుగా మండల కంట్రిబ్యూటరా?

మానుకోట కుర్రాడు:
అందరికీ నమస్తే. బీఏ ఫైనలియర్. ఇంటర్ నుంచి టీవీ రిపోర్టర్ కావాలని ఉంది. మా మండలంల ఒక ఛానల్‌కి కంట్రిబ్యూటర్ (మండలం వార్తలు పంపేటోడు) లేడంట, లోగో (మైక్‌కు పెట్టే ఛానల్ గుర్తు) ఇప్పిస్తా అని తెలిసినాయన అంటున్నడు, కాకపోతే డిపాజిట్ కట్టాలంట, దసరా దీపావళికి యాడ్స్ కూడా నేనే తేవాలంట. మా సార్ ఏమో ఎంట్రన్స్ రాసి ఏదన్న జర్నలిజం స్కూల్ల చేరు, లేకపోతే ఉస్మానియాల పీజీ చెయ్యి అంటున్నరు. రెండేండ్లు పోతయి కదా అని నా బాధ. ఏది కరెక్ట్?

ఓరుగల్లు స్ట్రింగర్:
తమ్ముడూ, ఫీల్డ్‌కి రా. పోలీస్ స్టేషన్ల రికార్డులు రాసే రైటర్ నిన్ను పేరు పెట్టి పిలిచేదాకా క్రైమ్ రిపోర్టింగ్ రాదు, ఏ క్లాసుల చెప్పరు అది. వడ్ల సీజన్ల చూడు, వాన పడ్డది వడ్లు తడిసినయ్ అని అన్ని ఛానళ్లు ఒకటే విజువల్ వేస్తయి. అసలు ముచ్చట ఏంది, తేమ 17 శాతం దాటింది అని మిల్లర్లు బస్తాకింత తరుగు తీస్తరు, ఆ తరుగు ఎన్ని కిలోలో రైతు చేతిలున్న తూకం చిట్టీ కెమెరాకు చూపిస్తేనే అది వార్త. చిట్టీ చూపియ్యాలంటే ఆ రైతుకు నీ మీద నమ్మకం ఉండాలె. హైదరాబాద్‌ల కూసుంటే రాదు.

డెస్క్ మనిషి:
అన్నా వడ్ల స్టోరీ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఔట్‌పుట్‌లో (ఛానల్ ఆఫీసులో బులెటిన్ తయారుచేసే చోట) కూర్చుని జిల్లాల నుంచి వచ్చే ఫీడ్ (వీడియోలు) చూస్తుంటే భయమేస్తుందండీ. పసిపిల్ల మీద అఘాయిత్యం కేసు, తొమ్మిది గంటల బులెటిన్‌కి పది నిమిషాలుంది, ఫీడ్‌లో ఏముంది అంటే పాప ఇల్లు, వీధి పేరు బోర్డు, తల్లి మొహం, పక్కింటాయన బైట్‌లో (కెమెరాకు చెప్పిన మాటల్లో) పాప పేరు. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం సెక్షన్ 23 ప్రకారం ఇవేవీ బయటపెట్టకూడదు, పెద్దవాళ్ల విషయంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 72 ఉంది, పాత ఐపీసీలో అయితే 228ఏ. పంపినతను చెడ్డవాడు కాదు, అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. మేం ఒక్కసారి బ్లర్ చెయ్యడం మర్చిపోతే ఆ కుటుంబం ఊళ్లో తలెత్తుకోగలదా? అందుకే ఒక్క ఏడాదైనా ట్రైనింగ్ కావాలంటా నేను.

రాత్రి బులెటిన్:
ఇంతసేపు ఎవరూ అడగని మాట నేను అడుగుతా. మీ మీ జిల్లాల్లో మండల కంట్రిబ్యూటర్లలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు? వేళ్ల మీద లెక్కపెట్టండి. లోగో ఎవరి చేతికెళ్తుంది, డిపాజిట్ కట్టగలిగినవాళ్లకి, లీడర్ల దగ్గర యాడ్స్ తేగలిగినవాళ్లకి. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ, మమ్మల్ని ఏ ఎమ్మెల్యే ఎరగడు. నాకు దారిచ్చింది జర్నలిజం స్కూల్ రాత పరీక్ష ఒక్కటే. తెలుగు రాయమన్నారు, ఇంగ్లీష్ ముక్క అనువాదం చెయ్యమన్నారు, వర్తమాన వ్యవహారాలు అడిగారు, ఎవరి తాలూకు అని అడగలేదు. నెలనెలా స్టైపెండ్ ఇచ్చారు కాబట్టే ఇంట్లో పంపారు. ఈనాడు జర్నలిజం స్కూల్ ఏళ్ల తరబడి నడిచింది ఈ పద్ధతిలోనే. కాబట్టి తమ్ముడూ, ఫీల్డ్ గొప్పా క్లాసు గొప్పా అన్నది తర్వాత సంగతి, పని ఇవ్వడానికి నీ దగ్గరే డబ్బు అడిగేవాడు నీకు జర్నలిజం నేర్పడు. సర్పంచ్ దగ్గర పండక్కి యాడ్ తీసుకున్నాక ఆ ఊరి రోడ్డు బిల్లుల మీద స్టోరీ ఎలా చేస్తావు చెప్పు?

ఓరుగల్లు స్ట్రింగర్:
యాడ్స్ మాట నిజమే చెల్లె, దాని మీద నేను కొట్లాడ. కానీ స్కూల్ల చదివినోళ్లకు మాత్రం ఏం భద్రత ఉన్నది? 2025ల కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా, 1955ల వచ్చిన వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికలకే, జీతాలు ఖరారు చేసే వేజ్ బోర్డులు పత్రికలకే ఉండె, టీవీల పనిచేసేటోడికి ఏదీ వర్తించలే. ఛానల్ చేతులు మారిందంటే ఇద్దరం బయటనే.

రాత్రి బులెటిన్:
అవునన్నా, ఇద్దరం బయటే. కానీ నాకు స్క్రిప్ట్ రాయడం, ప్యాకేజీ (వీడియో కథనం) కట్ చెయ్యడం వచ్చు, ఇంకో ఛానల్‌కి వెళ్లి టెస్ట్ రాయగలను. మండలం లోగో పోయినవాడికి మిగిలేది ఆ మండలమే కదా.

కోనసీమ కొబ్బరాకు:
ఒక చిన్నమాట. లక్షలు గుంజి మూడు నెలల్లో యాంకర్‌ని చేస్తాం అనే ప్రైవేటు కోర్సుల జోలికి పోకు బాబూ. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు శాంతిస్వరూప్ గారు చదివినప్పుడు టెలిప్రాంప్టరే (చూసి చదివే తెర) లేదు, భాష మీద పట్టుతో నెట్టుకొచ్చారు. రోజూ పేపర్ పైకి చదువు, ఒత్తులు పలుకు, ఫోన్‌లో రికార్డ్ చేసి విను. పైసా ఖర్చు లేదు.

మానుకోట కుర్రాడు:
డిపాజిట్ ఆయనకు కుదరదని చెప్తా. స్కూల్ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తయో చూస్త. పీజీ సంగతి ఇంకా డౌటే.

ఓరుగల్లు స్ట్రింగర్:
పీజీ వద్దనే అంట నేను. స్కూల్ అయితే సరే, రాయి. అప్పటిదాకా ఖాళీగుండకు, నవంబర్‌ల కొనుగోలు కేంద్రాలు తెరిచినంక నాతోని రా, పైసలియ్యలేను గానీ చిట్టీ చదువుడు నేర్పిస్త.

డెస్క్ మనిషి:
పీజీ ఎందుకొద్దు అన్నా? రేపు పాఠాలు చెప్పే ఉద్యోగమో, పీఆర్వో పోస్టో పడితే ఆ డిగ్రీయే అడుగుతారు. నలభై దాటాక లైవ్‌ల వెంట పరిగెత్తలేం. దీని మీద మాత్రం నేను తగ్గను.